సంతకం పెట్టని కెప్టెన్

జహీరాబాద్‌లో బీదర్ రోడ్డు చీలే చోట కెప్టెన్ హోటల్ అని ఒకటి ఉండేది. పేరు చూసి పెద్దదనుకునేరు. నాలుగు బల్లలు, ఎనిమిది బెంచీలు, పొగపట్టిన గోడలు. పొద్దున పూరీ, సాయంత్రం మిర్చి బజ్జీ, రోజంతా చాయ్. యజమాని రేవణసిద్ధప్ప. ఇంట్లో కన్నడం, గల్లా దగ్గర తెలుగు, పోలీసులొస్తే ఉర్దూ మాట్లాడేవాడు. ఆ బోర్డు ఆయన రాయించలేదు. పక్కనున్న బట్టల దుకాణం చెన్నబసప్ప తన బోర్డుకు రంగు వేయిస్తూ, డబ్బాలో మిగిలిన ఎర్రరంగుతో దీన్నీ రాయించి పెట్టాడు. రేవణసిద్ధప్ప చేసిందల్లా వద్దనకపోవడమే. ఆయన తప్పులన్నీ అట్లాంటివే. వద్దనవలసిన చోట నోరు మూసుకున్నాడు, అంతే. అంతే అనుకున్నది ఎంత పెద్దదో తెలియడానికి ఆయనకు తొమ్మిదేళ్లు పట్టింది.

హోటల్లో ఇంకో వింత ఉండేది. పూరీ ప్లేటు ఎప్పుడూ తినేవాడి ఎడమ పక్క నుంచి పెట్టేవాడు. ఖాళీ ప్లేటు కుడి పక్క నుంచి తీసేవాడు. మనిషి గోడకు ఆనుకుని కూర్చున్నా సరే, ఇద్దరిని లేపైనా సరే, ఆ పక్కకు వెళ్లే పెట్టేవాడు. చెరకు బండ్లు తోలుకొచ్చిన రైతులు నవ్వేవారు. "మిలిటరీ డిసిప్లిన్ అంటే గది" అని చెన్నబసప్ప వాళ్లకు వివరించేవాడు. కెప్టెన్లు పూరీలు వడ్డించడం ఎక్కడ నేర్చుకుంటారని ఒక్కరూ అడగలేదు. మన ఊళ్లలో ఒకసారి పెద్దవాడని ఒప్పుకున్నాక ఆ మనిషిని ఇక ఎవరూ పరీక్షించరు. అది మన మంచితనమో బద్ధకమో చెప్పలేను.

అసలు సంగతి ఇది. 1959లో రేవణసిద్ధప్ప తండ్రితో పోట్లాడి సికింద్రాబాద్ వెళ్లి పటాలం భర్తీ వరుసలో నిలబడ్డాడు. ఛాతీ వేలెడు తక్కువైంది. ఆఫీసర్ల మెస్సులో వెయిటర్ పని ఉంది, చేస్తావా అని అడిగారు. ఇంటికి తిరిగి ముఖం చూపించలేక సరేనన్నాడు. పదిహేనేళ్లు తెల్ల చేతితొడుగులు వేసుకుని, కుచ్చు తలపాగా పెట్టుకుని ఆఫీసర్ల కుర్చీల వెనక నిలబడ్డాడు. రేవణసిద్ధప్ప వాళ్లు లింగాయతులు, ఇంట్లోకి గుడ్డు కూడా గడప దాటి రాదు. అటువంటి మనిషి మెడలో లింగంతో, చేతిలో ఎముకలు మిగిలిన ప్లేట్లతో పదిహేనేళ్లు తిరిగాడు. ఎంగిలి ఎత్తే కొలువు చేస్తున్నానని ఏ ఉత్తరంలోనూ రాయలేదు. మిలిటరీలో ఉన్నాను, క్షేమం అని రాసేవాడు. అది అబద్ధమూ కాదు.

1974లో పింఛను తీసుకుని వచ్చేటప్పుడు, బదిలీ మీద వెళుతున్న ఒక కెప్టెన్ తన పాత నల్ల ట్రంకుపెట్టె ఇచ్చాడు. మూత మీద తెల్లరంగుతో ఇంగ్లీషులో ఆయన హోదా, పేరు ఉన్నాయి. రేవణసిద్ధప్ప ఆ పేరు మీద నల్లరంగు పూసి తన పేరు రాసుకున్నాడు. ముందున్న 'కెప్టెన్' అనే మాట మీద కూడా పూయబోయాడు. కుంచె పట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

జహీరాబాద్ బస్టాండులో కండక్టరు ఆ మాట చదివాడు. "కెప్టెన్ సాబ్, జర పక్కకు జరుగున్రి, మీ పెట్టె దింపుత" అన్నాడు. రేవణసిద్ధప్ప వెనక్కి తిరిగి చూశాడు, కెప్టెన్ ఎవరొచ్చారా అని. వెనక ఎవరూ లేరు. పక్కకు జరిగాడు.

వారం తిరక్కుండా ఊరికి కెప్టెన్ దొరికాడు. ఆయన భార్య పార్వతమ్మ నీళ్లకు వెళితే ఆడవాళ్లు "కెప్టెనమ్మ వచ్చింది" అని బిందె జరిపి చోటిచ్చేవారు. యుద్ధం సంగతి చెప్పున్రి అని చాయ్ తాగేవాళ్లు అడిగితే, మెస్సు బల్ల దగ్గర ఆఫీసర్లు చెప్పుకోగా విన్నవన్నీ చెప్పేవాడు. వాళ్లు ముందుకు పోయారు అనవలసిన చోట మేము పోయాము అనేవాడు. ఒక్క మాటే తేడా. ఇంటికి వచ్చి లింగపూజకు కూర్చున్నప్పుడు మాత్రం ఆ ఒక్క మాట గుర్తొచ్చి మంత్రం తప్పేవాడు.

1983లో మాణిక్ వచ్చాడు.

మాణిక్ న్యాల్‌కల్ రైతు రామ్‌కిషన్ కొడుకు. జహీరాబాద్‌లో ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాడు. లెక్కల్లో గట్టివాడని లెక్చరర్లే చెప్పేవారు. బీదర్ నుంచి లేచే శిక్షణ విమానాలు వాళ్ల జొన్నచేను మీదే చక్కర్లు కొట్టేవి. కలుపు తీయమంటే ఆకాశం చూసేవాడని తండ్రి తిట్టేవాడు. పటాలంలో చేరాలన్నది ఎప్పుడో తేలిపోయింది, ఏ దారిన చేరాలన్నదే తేలలేదు. ఆ ఏడు రెండు దారులూ ఒకే నెలలో తెరుచుకున్నాయి. సంగారెడ్డిలో జవాన్ల భర్తీ. ఢిల్లీకి ఫారం పంపి రాయవలసిన ఆఫీసర్ల పరీక్ష. బళ్లో వేసిన పుట్టిన తేదీ ప్రకారం మాణిక్‌కు ఆ పరీక్ష అదే మొదలు, అదే ఆఖరు.

"సాబ్, రెంట్ల ఏది మంచిది? మీరైతే అన్నీ దగ్గర్నుంచి చూసిన్రు" అన్నాడు మాణిక్.

ఎంత దగ్గర్నుంచి చూశాడో ఆ అబ్బాయికి తెలియదు. అయినా ఆ మాట నిజం. జవాన్ల మధ్య పడుకుని, ఆఫీసర్ల వెనక నిలబడి, రెండు బతుకులూ చూసినవాడు ఆ ఊళ్లో ఆయనొక్కడే. మూడు సాయంత్రాలు కూర్చోబెట్టుకుని చెప్పాడు. ఆ మూడు సాయంత్రాలూ ఆయన జీవితంలో మంచివి, ఆ సంగతి కూడా రాయాలి.

"జవానుగ పోతె రేపటి నుంచే బువ్వ, బట్ట, జీతం. ఇంటికి ఆసరయితవ్. పదిహేనేండ్లకు పించిన్‌తోని వస్తవ్, అప్పటికి ఇంక పడుచోనివే ఉంటవ్. గని బిడ్డా, ఎన్నడు జూసినా హుకుం ఇంకొకలది. నీకు నెత్తి నెరిసినంక గూడ, మొన్న మీసమొచ్చిన పోరడొస్తె లేశి సెల్యూట్ కొట్టాలె."

"మరి ఆఫీసరైతె?"

"పరీక్ష ఇంగ్లిషుల, లెక్కలల్ల. అది గట్టెక్కితె అయిదు దినాలు ఉరికిస్తరు, మాట్లాడిపిస్తరు, నువ్వు నలుగుర్ల ఎట్లుంటవో జూస్తరు. అది తప్పితె ఏం లేదు, ఉత్తచేతుల్తోని వచ్చుడే. గెలిస్తె నాలుగేండ్లు చదువు. ఆ నాలుగేండ్లు నాయినకు పైస రాదు." చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. "ఆఫీసరంటె తేలిక అనుకోకు. ఒక కెప్టెన్‌ను జూసిన. ఆయన కంపెనీల జవాను చచ్చిపోయిండు. ఆ తల్లికి ఉత్తరం రాయాలె. సందెకాడ మొత్తం ఖాళీ కాయితం ముంగట పెట్టుకొని కూసున్నడు. కాఫీ మూడుసార్లు సల్లారింది. జవానుకు తన పానం ఒక్కటే బరువు. ఆఫీసరుకు అందరిది బరువు."

ఆ కాఫీ మూడుసార్లూ మార్చింది తానే అని చెప్పలేదు.

మాణిక్ కళ్లు మెరిశాయి. "నేను పరీక్ష రాస్త సాబ్" అన్నాడు. రేవణసిద్ధప్ప వీపు తట్టి, "నీకు అదే తగింది. రాయి" అన్నాడు. ఆ రాత్రి అన్నం సహించిందాయనకు. కుర్చీ వెనక నిలబడి నేర్చుకున్నది ఒక పిల్లవాడిని కుర్చీలో కూర్చోబెట్టడానికి పనికొస్తోందని సంబరపడ్డాడు.

మర్నాడు మాణిక్ ఫారం, మార్కుల మెమో నకళ్లు తెచ్చి గల్లా మీద పెట్టాడు.

"సాబ్, వీటి మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం, ముద్ర గావాల్నంట. ఊర్ల మీరుండంగ ఇంకొకల దగ్గరికి పోవుడెందుకని నాయిన అన్నడు."

రేవణసిద్ధప్ప పొడిగా ఉన్న చేతులను తువ్వాలుతో తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. "పెట్టి పో. చూస్త" అన్నాడు. ముద్ర పెట్టెలో ఎక్కడో ఉందన్నాడు. మర్నాడు సిరా ఎండిపోయిందన్నాడు. మూడోనాడు పార్వతమ్మ, "ఆ పిల్లడు ఎండల తిరుగుతుండు, సంతకమే గద, పెట్టియ్యరాదున్రి" అంది పూరీలు ఒత్తుతూ. ఆమెకు కూడా తెలియదు. ఆయన ఆమె మీద గయ్యిమన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెను అట్లా కసిరింది లేదు.

సంతకం పెడితే దొంగ సంతకం. పట్టుబడితే పిల్లవాడి ఫారం మూలకు పోతుంది, తాను జైలుకు పోతాడు. పెట్టనంటే ఎందుకని అడుగుతారు. ఎందుకని అడిగిన రోజున బోర్డు, కెప్టెనమ్మ, మేము ముందుకు పోయాము అన్న కథలు అన్నీ కూలతాయి. మూడు రోజులు ఆ రెంటి మధ్య కొట్టుకుని, నాలుగోనాడు మూడో దారి కనిపెట్టాడు. అంతకన్న నీచమైన దారి లేదు.

"మాణిక్, మస్తు ఆలోచించిన" అన్నాడు. "జవానుగనే పో బిడ్డా. నాలుగేండ్లు మీ నాయిన ఒక్కడే సేద్యం లాగగలడా? ఇంగ్లిషు పరీక్షలు పట్నపు పోరగాండ్లకు. నీ చేతిల ఉన్న దాన్ని ఇడిశిపెట్టకు. సంగారెడ్డికి పో."

చెప్పిన దాంట్లో అబద్ధం పెద్దగా లేదు. ఎవరైనా ఆ మాటే చెప్పి ఉండవచ్చు. అదే దారుణం. నిజాలన్నీ ఏరుకొచ్చి తన ముందు అడ్డంగా పేర్చుకున్నాడు.

మాణిక్ బిత్తరపోయాడు. "మొన్న గిట్ల చెప్పలె గద సాబ్?"

"మొన్న నీ గుండె ఎంతున్నదో జూద్దామని చెప్పిన."

తొమ్మిదేళ్లలో ఒకరి దారి మళ్లించడానికి ఆయన నోరు తెరిచి చెప్పిన మొదటి అబద్ధం అది. కెప్టెన్ అన్న మాట ఊరు చెప్పింది, ఆయన విన్నాడు. ఇది మాత్రం ఆయనదే. మాణిక్ గల్లా మీది కాగితాలు తీసుకున్నాడు. ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "మీరు చెప్పిన్రంటె ఉత్తగ చెప్పరు" అని సైకిలెక్కాడు. ఆ నమ్మకం కన్న రెండు చెంపదెబ్బలు కొట్టి పోయినా బాగుండేది.

ఢిల్లీకి ఫారం చేరవలసిన గడువు దాటిన మూడోనాడు, హోటల్లో ఒక విశ్రాంత తహసీల్దారు చాయ్ తాగుతున్నాడు. ఎవరో కాగితాలు తెచ్చి సంతకం అడిగారు. "రిటైరైనోళ్ల సంతకం చెల్లదయ్యా. పశువుల డాక్టర్ దగ్గరికి పో, కాలేజీ ప్రిన్సిపాల్ దగ్గరికి పో, నిమిషంల పెడ్తరు" అని పంపించేశాడాయన. అంత సులువుగా, చాయ్ గుటక వేస్తూ.

గల్లా దగ్గర నిలబడ్డ రేవణసిద్ధప్ప అదంతా విన్నాడు. ఆ ఒక్క మాట సరిపోయేది. తన పరువూ పోయేది కాదు, పిల్లవాడి పరీక్షా పోయేది కాదు. కెప్టెన్ అయి ఉంటే ఆ సంగతి తెలిసేది. కాదు కనుక తెలియలేదు. భయంలో అడగాలని తోచలేదు. ఆ రోజు చిల్లర తప్పిచ్చి ఇద్దరితో మాటపడ్డాడు.

పక్షం తిరగకుండా మాణిక్ దూద్‌పేడాల పొట్లంతో వచ్చాడు. సంగారెడ్డిలో ఎన్నికయ్యాడు. పరుగులో మొదట వచ్చాడట. రేవణసిద్ధప్ప అతన్ని వెనకగదిలోకి తీసుకెళ్లి, ట్రంకుపెట్టె తెరిచి, అడుగున దాచిన పటాలం డిశ్చార్జి బుక్కు తీసి చేతిలో పెట్టాడు.

"చదువు బిడ్డా."

మాణిక్ చదివాడు. పేజీ తిప్పాడు. మళ్లీ మొదటికి వచ్చాడు.

"మెస్ వెయిటర్" అన్నాడు మెల్లగా.

"గందుకే సంతకం పెట్టలేదు. పెట్టలేకనే నిన్ను సంగారెడ్డికి తోలిన. నీ మంచి కోసం గాదు." నేల చూస్తూ చెప్పాడు. "రిటైరైనోళ్ల సంతకం చెల్లదని గూడ నాకు ఎరుక లేకుండె."

మాణిక్ బుక్కు మూసి పెట్టెలో పెట్టాడు. పేడాల పొట్లం ఇంకా అతని చేతిలోనే ఉంది. "గిది ఆనాడే చెప్తె..." అన్నాడు. అంతవరకే అన్నాడు. పటాలంలో కొన్నేళ్లు చేసినవాళ్లకు లోపలి నుంచి కూడా ఆఫీసరు పరీక్ష ఉంటుందని రేవణసిద్ధప్ప గబగబా చెప్పాడు. అది నిజమే. ఆ క్షణాన తన నోటినుంచి వస్తే నిజం కూడా వెలవెలబోయింది.

వెళుతూ గుమ్మంలో ఆగాడు మాణిక్. "నాయినకు చెప్పకున్రి. కెప్టెన్ సాబ్ తోలిండని ఊరంత చెప్పుకుంట సంబురపడుతుండు."

రేవణసిద్ధప్పకు గుండె తేలికపడింది. తేలికపడిందని తెలిసిన మరుక్షణం తన మీద తనకు రోత పుట్టింది. ఎవరి దగ్గర దాచుకోవాలని ఆ పిల్లవాడి దారి మళ్లించాడో, ఇప్పుడు ఆ పిల్లవాడే తన గుట్టు మోస్తున్నాడు. రైలు ఎక్కేరోజు స్టేషనులో మాణిక్ అందరి ముందూ మడమలు కలిపి, "వస్త కెప్టెన్ సాబ్" అని సెల్యూట్ చేశాడు. రామ్‌కిషన్ మురిసిపోయి చప్పట్లు కొట్టాడు. రేవణసిద్ధప్ప చెయ్యి పైకి లేవలేదు. రెండు చేతులూ జోడించాడు.

ఏడాది గడిచింది. మాణిక్ ఉత్తరాలు న్యాల్‌కల్‌కు వచ్చేవి. రామ్‌కిషన్‌కు చదువు రాదు. ఊళ్లో చదివేవాళ్లున్నా, సంతరోజు జహీరాబాద్ వచ్చి కెప్టెన్ సాబ్ చేతనే చదివించుకునేవాడు. నలుగురిలో, గట్టిగా చదవాలి. అది ఆయన ముచ్చట.

1984 వానాకాలంలో ఒక సంతనాడు హోటల్ కిక్కిరిసి ఉంది. రామ్‌కిషన్ తడిసిన గొంగడి విప్పి బెంచీ మీద వేసి, రుమాలు ముడిలోంచి ఉత్తరం తీసి ఇచ్చాడు. రేవణసిద్ధప్ప అతని ఎడమ పక్కగా పూరీ ప్లేటు పెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని చదవసాగాడు. నాయినకు దండాలు. అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుంది. ఇక్కడ కొండల్లో చలి ఎక్కువ. తరువాతి వాక్యం దగ్గర ఆయన చదవడం ఆపాడు.

'ఈ నెల నుంచి నాకు ఆఫీసర్ల మెస్సులో డ్యూటీ వేసిన్రు. ప్లేట్లు అందించుడు, ఎత్తుడు. నాకేం రంది లేదు, ఫికర్ చెయ్యకు. గని ఏ పక్క నుంచి పెట్టాల్నో, ఏ పక్క నుంచి తీయాల్నో తప్పుతున్న, తిడుతున్నరు. కెప్టెన్ సాబ్‌ను అడిగి రాయించు. ఆయనకు అన్నీ ఎరుకే.'

ఉత్తరం ఆయన చేతిలో ఉంది. చదివేవాడు ఆయనొక్కడే. ఆ వాక్యాలు దాటేసి, చెరకు ఎట్లా ఉంది అన్న దగ్గరికి దూకితే ఎవరికీ తెలియదు. నోరు మూసుకోవడంలో ఆయనకు ఇరవై అయిదేళ్ల సాధన ఉంది. పార్వతమ్మ పొయ్యి దగ్గర నుంచి, "ఏమైంది, ఆగిన్రు?" అంది.

మొత్తం చదివాడు. గట్టిగానే చదివాడు.

రామ్‌కిషన్ ముద్ద నోటి దాకా తీసుకెళ్లి దించేశాడు. "ఎంగిలి ప్లేట్లా? నా కొడుకా? పరుగుల ఫస్టొచ్చిన పోరడు!" ముఖం నల్లబడింది. "సాబ్, మీరు పెద్దోళ్లు. అక్కడి సాబులకు జర ఒక ఉత్తరం రాయున్రి. కెప్టెన్ రాసిండంటె వింటరు. ఆ పని తీపియ్యున్రి, మీ కాళ్లు మొక్కుత."

నిజంగానే వంగబోయాడు. రేవణసిద్ధప్ప భుజాలు పట్టుకుని ఆపాడు.

"నేను కెప్టెన్‌ను గాదు రామ్‌కిషన్. ఆ పనే పదిహేనేండ్లు చేసిన. మెస్ వెయిటర్‌ను."

చెన్నబసప్ప నవ్వాడు, ఇదేదో పరాచికమనుకుని. ఎవరూ తోడు నవ్వకపోయేసరికి ఆగిపోయాడు. పొయ్యి మీద నూనెలో పూరీ మాడుతున్నా పార్వతమ్మ తీయలేదు. ఆమె వైపు చూడడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

రామ్‌కిషన్ రైతు. లెక్కలు రాకపోయినా తలలో కలుపుకోగలడు. వేళ్లు తుడుచుకుని అడిగాడు. "మరి ఆ ఫారం మీద సంతకం?"

"పెట్టలేకనే జవానుగ పొమ్మన్న."

"మావోనికి ఎరుకేనా?"

"పోకముందే చెప్పిన. నీకు చెప్పొద్దన్నడు."

రామ్‌కిషన్ తిడతాడని, కొడతాడని అందరూ చూశారు. ఆయన ప్లేటును ముందుకు నెట్టి, జేబులోంచి ఖాళీ పోస్టుకార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఎప్పుడూ జవాబు రాయించడానికి తెచ్చుకునే కార్డే.

"రాయి" అన్నాడు. పదేళ్లలో మొదటిసారి సాబ్ అనలేదు. "ఏ పక్క నుంచి పెట్టాల్నో రాయి. వాడు తిట్లు పడుతుండు."

రేవణసిద్ధప్ప బల్ల పక్కనే నిలబడి వంగి రాశాడు. కూర్చోమని ఎవరూ అనలేదు, ఆయనా కూర్చోలేదు. ఎడమ పక్క నుంచి పెట్టాలె. కుడి పక్క నుంచి తీయాలె. ప్లేటు మీద వేలి ముద్ర పడొద్దు. మాట్లాడుకుంటుంటే ఆగాలె. తిన్నది అయిపోయిందో లేదో చూసి, అప్పుడు తీయాలె. అక్షరాలు వంకర పోతున్నా ఆపలేదు. మీ నాయినకు అంతా చెప్పిన అని ఒక వాక్యం కలిపాడు. కింద తన పేరు రాశాడు. పేరు ముందు ఏమీ పెట్టలేదు.

రామ్‌కిషన్ కార్డు తీసుకుని సిరా ఆరేదాకా ఊదుకున్నాడు. ఆయన బెంచీ మీది నుంచి లేవకముందే, రేవణసిద్ధప్ప బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ముద్ద విడిచిపెట్టిన ఆ ప్లేటును కుడి పక్క నుంచి తీశాడు.